తండ్రి చేసిందా, కొడుకు చేసిందా

ఆ వానాకాలమంతా మా భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చేయలేదు. దాని మీద ఒక సైకిలు ఫ్రేము వెల్లకిలా పడుకుని ఉండేది. అమ్మ, మా ఆయన, నేను కంచాలు ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూచుని తినేవాళ్ళం. గుమ్మంలోంచి తొంగిచూసినవాళ్ళు ఇంట్లో ఎవరో పోయారనుకుని గొంతు తగ్గించి పలకరించేవాళ్ళు.

చక్రాల్లేవు, సీటు లేదు, పెడళ్ళు లేవు. ఉత్త గొట్టాల చట్రం. దానికి ఎవరో గేటుకి వేసే ఆకుపచ్చ రంగు దట్టంగా పులిమారు. ముందు వైపు హ్యాండిలు తాలూకు కాడ ఒకటి తుప్పుకి బిగుసుకుపోయి, మొండి చెయ్యిలా పొడుచుకుని ఉండేది.

తప్పంతా నాదే. పెరటి షెడ్డు కారుతోందని, వానలు ముదరకముందే ఖాళీ చేద్దామని నేనే మొదలుపెట్టాను. చెక్కల వెనకనుంచి ఈ ఫ్రేము బయటపడింది. పాత సామాన్లు కొనేతను దాన్ని తక్కెడ మీద పెట్టబోతుంటే, జన్మలో గొంతెత్తని మా అమ్మ కిటికీలోంచి "ఏయ్, అది కింద పెట్టు!" అని కేకేసింది. అతను నిజంగానే కింద పడేశాడు, తన కాలి మీదే.

ఆ గోలకి మావయ్య మేడ మీంచి దిగొచ్చాడు. ఇల్లు మావయ్యదే. పైన ఆయన ఒక్కడూ, కింద మేము. అమ్మకి సొంత అన్న. కుర్రతనంలో కొండ రేసు గెలిచిన మనిషి. ఆ గెలుపు చూసే సైకిళ్ళ కంపెనీవాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. ఆ ఉద్యోగంతోనే ఈ ఇల్లు కట్టాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడిని కూడా ఆ కొండ సగం ఎక్కించి గానీ వదిలేవాడు కాదు.

"ఎందుకే ఆ తుప్పు ముక్క? అది నీ బజారు సైకిలుది. చిన్న మేస్త్రి చేసిచ్చాడు, గుర్తులేదూ?" అన్నాడు మావయ్య.

అమ్మ ఫ్రేము మీద చెయ్యేసి, "ఇది చిన్న మేస్త్రి చేసిందా?" అంది.

"మరి? పెద్ద మేస్త్రి చేసింది నా రేసు సైకిలు. అదెప్పుడో పోయింది."

"సరే. చూద్దాం," అంది అమ్మ.

మా అమ్మ 'చూద్దాం' అందంటే ఇక చూడ్డమే.

పెద్ద మేస్త్రి, చిన్న మేస్త్రి తండ్రీ కొడుకులు. తేలికపాటి రేసు ఫ్రేములు చేయడంలో పెద్దాయనది పెద్ద పేరు. మా తాతయ్య ఆయనచేత చేయించింది ఒక్కటే ఫ్రేము, కొడుకు రేసు కోసం. ఆ రేసు అయ్యాక వచ్చిన చలికాలంలోనే పెద్దాయన పోయాడు. తర్వాత కొడుకు అదే కొట్లో, అవే పనిముట్లతో పని సాగించి, అమ్మకి బజారు పనులకని ఒక సైకిలు చేసిచ్చాడు. కాబట్టి, ఈ చట్రం తండ్రి చేసిందైతే రేసుకి ముందుది. కొడుకు చేసిందైతే తర్వాతది. ఇంతే సంగతి. ఇంత సంగతికి నా వంటిల్లు నాకు కాకుండా పోయింది.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. మర్నాటినుంచి నా భూతద్దం కనబడేది కాదు. నా సన్న స్క్రూడ్రైవర్లు కనబడేవి కావు. అద్దాలు తుడిచే మెత్తని గుడ్డలు బల్ల కింద నూనె ఓడుతూ దొరికేవి. అమ్మ భూతద్దం కంటికి ఆనించుకుని గేటు రంగు గోటితో గీకుతూ కూచునేది. కింద తెలుపు, తెలుపు కింద నీలం.

"నీలం," అనేది నావైపు చూసి, నాకేదో అర్థమైపోవాలన్నట్టు.

"పొయ్యి మీద పాలు," అనేదాన్ని నేను.

పాలు పొంగిపోయేవి.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ఆయనైనా నా పక్షాన ఉంటాడనుకున్నాను. రెండోరోజే, "అత్తయ్యగారూ, ఆ గొట్టం ఎంత పల్చగా ఉందో చూశారా, వేలితో కొడితే గంటలా మోగుతోంది!" అంటూ ఆ పక్కనే చతికిలబడ్డాడు. అప్పట్నుంచి పొద్దున్నే లేచి టింగుమని మోగించేవాడు. ఇంట్లో ఒక పిచ్చికి తోడు ఇంకో పిచ్చి.

పాత సైకిళ్ళవాళ్ళ సంఘం ఒకటి ఉందని ఎవరో చెప్పారట, వాళ్ళలోంచి ఒక పెద్దమనిషిని అమ్మ పిలిపించింది. భూమి కొలతల ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. జేబులో కలం ఉండాల్సిన చోట సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఉండేది. ఆయన పేరు అడిగి తెలుసుకునే లోపే మా ఇంట్లో ఆయన 'వెర్నియర్ గారు' అయిపోయాడు.

వెర్నియర్ గారు గొడుగు మూయకుండానే లోపలికొచ్చి, ఫ్రేము చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, సీటు గొట్టం నోరు కొలిచాడు. "లోపల ఇంత వెడల్పుందంటే గొట్టం గోడ సన్నం. మంచి తేలిక రకం," అన్నాడు. పెడళ్ళ ఇరుసు గొట్టం కింద రంగు గీకి అంకె చదివాడు. ఆఖరికి వెనక చక్రం కూర్చునే పలక దగ్గరికి వచ్చేసరికి మొహం విప్పారింది.

"ఇదిగో, గేరు తగిలించే చెవి. పెద్ద మేస్త్రి రోజుల్లో ఇది పెట్టేవాళ్ళు కాదమ్మా. కొడుకు చేసిందే ఇది. సందేహం లేదు."

మెట్ల మీద కూచున్న మావయ్య, "నేను చెప్పలేదూ?" అన్నాడు.

అమ్మ భూతద్దం వెర్నియర్ గారి చేతిలో పెట్టి, ఆ చెవి అంచు చూపించింది. ఆయన వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. నేను అందించిన టీ చల్లారిపోయింది.

"దీని చుట్టూ నీలం రంగు మాడి నల్లబడింది," అన్నాడు చివరికి.

"అంటే?" అన్నాను నేను, విసుగ్గా.

"అంటే రంగు వేసేశాక ఈ చెవి అతికారు. ఇత్తడి కరిగించి అతికినప్పుడు ఆ వేడికి కింది రంగు మాడింది. ఫ్రేముతోపాటు పుట్టింది కాదు ఇది."

"అయితే తండ్రి చేసిందేనా?"

"ఆ మాట నేననలేదే! కొడుకు చేసిందని చెప్పలేను అన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత వారాల తరబడి ఇదే వరస. వెర్నియర్ గారు రావడం, ఒక ముక్క తేల్చడం, అమ్మ ఆ ముక్కని విరిచెయ్యడం. గొట్టాలు కలిసే చోట తొడిగే ఇనప తొడుగులు, లగ్గులంటారు వాటిని, వాటి అంచులు ఆకురాయితో కాగితంలా సన్నగా అరగదీసి ఉన్నాయి కాబట్టి తండ్రి పనే అన్నాడొకరోజు. వారం తిరిగేసరికి, తండ్రి అరగదీసి దాచుకున్న లగ్గుల్నే కొడుకు తర్వాత కొన్నాళ్ళు వాడాడని తనే తెలుసుకొచ్చి, తన మాట తనే కొట్టేసుకున్నాడు. ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు. మధ్యలో టీలు పెట్టేది నేను.

ఒకరోజు నాకు ఓపిక నశించింది. దుకాణంనుంచి తడిసి వచ్చి, ఆకలేసి, కూచుందామంటే కుర్చీ మీద నూనె డబ్బా.

"అమ్మా, తండ్రి చేస్తేనేం, కొడుకు చేస్తేనేం? ఎవడు చేసినా ఇప్పుడది తుప్పేగా! ఎవరికి కావాలి ఈ భాగోతం?"

అమ్మ గీకుతున్న చెయ్యి ఆపలేదు. "తండ్రి చేసిందైతే, ఆ కొండ ఎక్కింది నేను," అంది.

నేను నూనె డబ్బా కింద పెట్టి ఆ కుర్చీలో కూచున్నాను.

"మీ మావయ్య ఆ వయసుకే తాడిచెట్టు. ఇది చూడు, ఎంతుందో. దీనిమీద కూచుంటే వాడి మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకునేవి. బేకరీవాళ్ళ రొట్టెలు కొండమీదున్న వాళ్ళ కొట్టుకి సైకిళ్ళ మీద మోసింది మేమిద్దరం. ఎవరు ముందెక్కుతారో పెద్ద మేస్త్రి రోజూ చూసేవాడు. 'మీ నాన్న కొడుక్కి చేయమన్నాడు గానీ తొక్కాల్సింది నువ్వేనమ్మా' అని, నా కాలు కొలిచి చేశాడు. ఆడపిల్లల్ని రానివ్వరుగా. అన్నయ్య పేరు, అన్నయ్య చొక్కా, టోపీ. పైకెళ్ళి ఆగకుండా ఆ బేకరీ కొట్టు వెనక్కి పోయాను. అక్కడ చొక్కా మార్చుకుని వాడు బయటికెళ్ళాడు. ముగ్గురం అనుకునే చేశాం. సరదాకి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీ నాన్నకి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. నేను చెబితే ముసలమ్మ కథ. ఇది చెప్పనీ." అంటూ ఫ్రేము మీద చేత్తో తట్టింది.

ఆ క్షణంలో నాకు మా అమ్మ మీద గర్వం పుట్టిందని రాస్తే బాగుండేది. పుట్టింది భయం. ఉన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా! మావయ్య 'పొండి' అంటే మేము ఎక్కడికి పోతాం? ఆమాటే మా ఆయనతో అన్నాను. ఆయన తన అలవాటు ప్రకారం, "చూద్దాంలే," అన్నాడు. ఈ ఇంట్లో అందరూ చూసేవాళ్ళే.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పెద్ద మేస్త్రి ఫ్రేము కింద కొట్టిన అంకెనే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం మీద కూడా కొట్టేవాడు, రెండూ ఒక జంట అని తెలియడానికి. కొడుకు ఆ శ్రమ ఎప్పుడూ పడలేదు. వెర్నియర్ గారు నలుగురిని అడిగి ఖాయం చేసుకొచ్చిన సంగతి ఇది. కానీ ఆ అంకె ఫ్రేము లోపల ఉంటుంది. ఫోర్కు బయటికి తీస్తే గానీ కనబడదు. ఫోర్కు రావాలంటే హ్యాండిలు కాడ ఊడాలి. కాడ తుప్పుతో ఏకమైపోయింది.

నూనె పోశారు. వేడి నీళ్ళ గుడ్డలు చుట్టారు. మళ్ళీ నూనె పోశారు. నా దుప్పట్లు, నా దువ్వెన, చివరికి నేను దుకాణంలో ముట్టుకున్న కళ్ళజోళ్ళూ అదే వాసన. సుత్తితో బాదితే గొట్టం సొట్టపోతుందని అమ్మ ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. మావయ్య రోజూ పొద్దున్నే మెట్లు దిగి, "రాలేదా?" అనేవాడు. "రాలేదు," అనేది అమ్మ. "రాదు. విరుగుతుంది," అని మెట్లెక్కిపోయేవాడు. వాళ్ళిద్దరి మధ్యా అంతకుమించి మాటల్లేవు. ఒకరోజు నేను గమనించాను, 'రాదు' అనేముందు మావయ్య రెయిలింగు పట్టుకుని ఒక క్షణం ఊపిరి బిగబట్టేవాడు.

అది వచ్చిన రోజు కూడా వానే. మా ఆయన ఫ్రేముని రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. అమ్మ చెక్కముక్క ఆనించి, దానిమీద సుత్తితో చిన్నగా, గుడ్డు పగలగొట్టినట్టు కొట్టింది. 'కిర్రు'మంది. మా ఆయన వెనక్కి పడ్డాడు. కాడ ఆయన చేతిలో ఉంది.

ఆ తర్వాత ఫోర్కు జారిపోయి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వెర్నియర్ గారు గొట్టం తుడిచాడు. నా కొత్త గుడ్డతోనే. వెలుతురుకి తిప్పి చూశాడు. మళ్ళీ ఫ్రేము కింది అంకె చూశాడు.

"ఉందా?" అంది అమ్మ.

"ఉందమ్మా. అదే అంకె."

"సరే," అని అమ్మ చేతులు కడుక్కోడానికి వెళ్ళింది.

అంతే. ఒక చప్పట్లు లేవు, ఒక ఏడుపు లేదు. ఇంత యాగీ చేసిన మనిషి సబ్బు ఎక్కడుందని అడిగింది నన్ను!

మావయ్య చివరి మెట్టు మీద ఉన్నాడు. ఆయన చూపు అంకె మీద లేదు. కుళాయి కింద ఉన్న అమ్మ చేతుల మీద ఉంది.

"ఆ రోజు నీ వేళ్ళు హ్యాండిలుకి బిగుసుకుపోయాయి," అన్నాడు. "చలికి. ఒక్కొక్కటే విడదీశాను."

అమ్మ కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. మావయ్య మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వెర్నియర్ గారు, పాపం, ఏమీ తెలియని మనిషి, "ఏ హ్యాండిలు?" అని నన్నడిగాడు.

ఆ మర్నాటినుంచి మావయ్య కిందికి దిగడం మానేశాడు. మా ఆయన, నాకు చెప్పకుండా, బస్సు దారిలో అద్దె ఇళ్ళు చూడ్డం మొదలుపెట్టాడు. నాకు తెలిసింది, కసిరాను, తర్వాత నేనూ ఆయనతో వెళ్ళి ఒకటి చూసొచ్చాను. ఆ ఇంట్లో వంటింటి తలుపు తీస్తే పొయ్యికి తగులుతోంది.

టీ పట్టుకుని పైకి వెళ్ళేది నేనే. ఒకరోజు పొద్దున్న మావయ్య గ్లాసు అందుకోకుండా, "మీ అమ్మ ఏమంటోంది?" అన్నాడు.

"ఏమీ అనట్లేదు."

"అదే దాని జబ్బు. అప్పుడూ అంతే. రేసులో గెలిచిన కప్పు ఇలా ఇవ్వు అంటుందని రోజూ చూశాను. అనలేదు. తర్వాత కంపెనీవాళ్ళొచ్చారు. ఇక అడిగినా ఇవ్వలేని చోటికి వెళ్ళిపోయాను నేను. ఒక్కమాట అంటే ఏం పోయేది?"

"మరి ఆ ఫ్రేము? పారెయ్యలేదేం మావయ్యా?"

"ఎలా పారేస్తానే? రంగు వేశాను, చెవి అతికించాను. పోల్చుకోకుండా చేశాను గానీ, పారెయ్యలేకపోయాను."

నేను కిందికొచ్చి ఈ ముక్క అమ్మకి చేరవేశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "అడిగితే ఇచ్చేదాన్ని ఇవ్వడం అనరు. అడక్కుండా ఇవ్వాలి," అంది.

పైకెళ్ళి ఆ ముక్క మావయ్యకి చెప్పాలా, మానాలా? మెట్ల మధ్యలో నిలబడిపోయాను. ఒకరు అడగలేదని ఇవ్వలేదు, ఒకరు ఇవ్వలేదని అడగలేదు. తోడబుట్టినవాళ్ళు, ఒకే కప్పు కింద, జీవితమంతా! ఇద్దర్నీ కలిపి గదిలో వేసి తాళం పెట్టాలనిపించింది. టీ గ్లాసు మెట్టు మీద పెట్టేసి దుకాణానికి వెళ్ళిపోయాను.

వానలు తెరిపిచ్చాక ఒక ఆదివారం వెర్నియర్ గారు సంఘంవాళ్ళని ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. పెద్ద మేస్త్రి చేతి ఫ్రేము, ఫోర్కుతో సహా జంట చెడకుండా దొరకడం వాళ్ళకి పండగ. వాళ్ళు దాని చుట్టూ మోకాళ్ళ మీద పాకుతుంటే, మేడ మెట్ల మీద చప్పుడైంది. మావయ్య దిగొస్తున్నాడు, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మమ్మల్ని పొమ్మనడానికే అనుకున్నాను.

వచ్చినవాళ్ళలో వయసులో చిన్నతను లేచి, "మీరేనా సార్! కొండ రేసు దీనిమీదే గెలిచారట గదా!" అన్నాడు.

మావయ్య అతన్ని దాటుకుని వెర్నియర్ గారి ముందుకొచ్చి నిటారుగా నిలబడ్డాడు. "మీకు కొలవడం వచ్చుగా. నా కాలు కొలవండి."

"సార్?"

"కొలవండి. ఫ్రేము కొలవండి. నా కాలు కొలవండి. పడుతుందో లేదో చెప్పండి."

వెర్నియర్ గారు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. ఆయన టేపు తీసి, మోకాళ్ళ మీద కూచుని, మావయ్య కాలు తుంటినుంచి మడమదాకా కొలిచాడు. ఫ్రేము కొలిచాడు. నమ్మలేక మళ్ళీ కొలిచాడు.

"పట్టదు సార్. వయసుకి మీరు కాస్త కుంగారనుకున్నా, అప్పుడింకా పట్టదు."

"మరి దానికి?" అన్నాడు మావయ్య, వంటింటి గుమ్మంలో ఉన్న చెల్లెల్ని చూపించి.

కొలవాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. సంఘంవాళ్ళిద్దరూ అమ్మవైపు తిరిగారు. వెర్నియర్ గారికి అప్పుడు వెలిగింది, ఏ హ్యాండిలో. టేపు చేతిలోనే చుట్టుకుపోయింది.

"మీరా అమ్మా?" అన్నాడు. "ఎలా... ఆ రోజు ఏం జరిగిందో చెప్పండమ్మా."

అందరం అమ్మ మొహంలోకి చూశాం. ఇన్ని వారాల నూనె, ఇన్ని గొడవలు, ఈ ఒక్క మాట కోసమే గదా. అమ్మ చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"ఏముంది? వాన. ఎక్కాను. అయిపోయింది," అంది.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"అలాగా చెప్పడం?" మావయ్య కసిరాడు. "ఆ బండివాడి సంగతి చెప్పు."

"ఏ బండివాడు?"

"రెండో మలుపులో. గడ్డిబండివాడు 'రా బాబూ, ఇంకొంచెమే' అన్నాడు. జవాబు చెబితే ఆడగొంతు బయటపడుతుందని నేను పళ్ళు బిగబట్టి..." మావయ్య ఆగాడు. "నువ్వు పళ్ళు బిగబట్టావు."

"అది నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావు. బేకరీ వెనక, గోనెసంచి కప్పుకుని, వణుకుతూ, నోరు మూయకుండా చెప్పావు. ఆ ఒక్కరోజే కదా నువ్వు అన్ని మాటలు మాట్లాడింది. నేను ఇన్నేళ్ళూ చెప్పింది అదే. నా సొంతం ఒక్క ముక్క లేదు."

అమ్మ నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూచుంది. "నాకు బండి గుర్తులేదు," అంది.

"కుక్క గుర్తుందా? మూడో మలుపునుంచి పక్కనే పరిగెత్తింది."

"లేదు."

"పైకొచ్చేసరికి వాన ఒక్కసారిగా ఆగిపోయింది. చెవులు పోయాయనుకున్నాను... అనుకున్నావు. తర్వాత నీ ఊపిరి నీకే వినబడింది. నవ్వొచ్చింది. పైకే నవ్వేశావు."

"నవ్వానా?" అంది అమ్మ.

"నవ్వానన్నావు."

సంఘంవాళ్ళు నేలమీదే కూచుండిపోయారు. మా ఆయన బస్సు తాళాలు చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించాడు. మావయ్యకి ఇంకా నాలిక తిరగడం లేదు. 'నేను' అంటాడు, నాలిక కరుచుకుని 'నువ్వు' అంటాడు. అడ్డూ ఆపూ లేకుండా వినిపించేవాడు కాస్తా మాటమాటకీ తడబడుతున్నాడు. అమ్మ సరిదిద్దలేదు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, గడ్డం అరచేతిలో పెట్టుకుని, అన్న నోటివంకే చూస్తోంది.

"ఊఁ," అంది. "తర్వాత?"